మూగబోయిన పెట్టె

వాల్వు ఆంప్లిఫయరుకు ఉన్న గౌరవం ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరుకు గిటారు వాయించేవారి లోకంలో ఏనాడూ దక్కలేదు. గాజు గొట్టాలు ఎర్రగా వెలుగుతూ ఉంటే వాద్యానికి ప్రాణం వచ్చినట్లు తోచడం సహజమే. ట్రాన్సిస్టరు వెలగదు, వెచ్చబడుతుంది, అంతే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఈ చిన్న వస్తువు ఇరవై ఏండ్లు తిరగకుండానే గిటారు పెట్టెలలోకి ప్రవేశించినది. తొలి తరం పెట్టెలు అనేకం కాలిపోయినవి. ఆ అపకీర్తి తరువాత వచ్చిన మంచివాటికి కూడ అంటుకున్నది. శక్తికి మించి మోగించినప్పుడు వాల్వు మెల్లగా వంగుతుంది, ట్రాన్సిస్టరు తటాలున విరుగుతుంది. ఆ తేడా చెవికి తెలుస్తుంది, కాదనలేము. కాని స్వరం నిర్మలంగా పలకవలసిన చోట దానికి సాటి రాగలవి తక్కువ. ఈ సంగతి చెప్పేవారు తక్కువ, వినేవారు ఇంకా తక్కువ.

కలకత్తా చాందనీ బజారులో అటువంటి పెట్టెలను బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. డెబ్బది దాటిన వయస్సు. ఇద్దరు కూర్చుంటే మూడవవాడు నిలబడవలసినంత దుకాణం. 1970లలోను, ఆ తరువాతి దశకంలోను ఆ నగరాన్ని పీడించిన కరెంటు కోతలే ఆయనకు గురువులు. పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణంలో ఎన్నో రేడియోలు, ఆంప్లిఫయర్లు ప్రాణాలు విడిచేవి. మరునాడు ఆయన బల్ల మీదికి చేరేవి.

పెండ్లిళ్లలోను, ఆదివారాలు చర్చిలోను వాయించి కుటుంబాన్ని పోషించుకొనే ఒక యువకుడు తన మేనమామ వాడిన పెట్టెను రిక్షాలో తెచ్చినాడు. వేరొక దుకాణదారు అప్పటికే సలహా చెప్పి ఉన్నాడు: లోపలిదంతా పెరికివేసి కొత్త బోర్డు ఒకటి బిగిస్తే సాయంత్రానికి మోగుతుంది, ఖర్చు కూడ స్వల్పమే. శనివారం రాత్రి పెండ్లి ఉన్నది. యువకుని జేబు ఆ సలహా వైపు మొగ్గుతున్నది, మనస్సు మొగ్గడం లేదు.

“కాకా, ఇది బతుకుతుందా?”

“స్పీకరు బతికి ఉన్నదో లేదో ముందు చూద్దాం నాయనా” అన్నారు పెద్దాయన.

ఆ మాటలో అనుభవం ఉన్నది. చివరి ట్రాన్సిస్టరు చెడి లోపల ఒకటైపోతే, నాదంతో పాటు ఎటూ మారని విద్యుత్తు నేరుగా స్పీకరులోకి ప్రవహించి తీగచుట్టను మాడ్చివేస్తుంది. ట్రాన్సిస్టరు బజారులో దొరుకుతుంది. ఆ నాటి స్పీకరు దొరకదు. తీగలు విప్పి మీటరు పెట్టగా ఆరు ఓములకు కొంచెం అటూ ఇటూగా చూపినది. ఎనిమిది ఓముల స్పీకరుకు అది ఆరోగ్య లక్షణం. కాగితపు శంకువును రెండు చేతుల వ్రేళ్లతో మెత్తగా నొక్కి చూసినారు; లోపల ఎక్కడా ఒరుసుకొనలేదు.

తరువాత పెట్టెను నూరు వాట్ల బల్బుతో వరుసగా కలిపి కరెంటు ఇచ్చినారు. ఇది మన దేశంలో ప్రతి మరమ్మతు బల్ల మీదను ఉండే ఉపాయం: లోపల అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒకసారి మెరిసి మసకబారుతుంది, ఎక్కడో తీగ తీగ కలిసి ఉంటే నిండుగా వెలుగుతుంది. నిండుగానే వెలిగినది. వెంటనే ఆపి, పెద్ద కండెన్సర్లలో నిలిచిన విద్యుత్తును ఒక రెసిస్టరు ద్వారా నెమ్మదిగా దించినారు. స్క్రూడ్రైవరుతో చటుక్కున కలిపి నిప్పులు రాల్చేవారిని చూస్తే ఆయనకు కోపం.

లోహపు టోపీల వంటి రెండు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లలో ఒకటి చచ్చినది. దానిని నడిపించే చిన్న ట్రాన్సిస్టరు, ప్రక్కనున్న అర ఓముకు లోపు రెసిస్టరు కూడ దానితోనే పోయినవి. అనుభవం లేనివాడు ఈ మూడింటినీ మార్చి మీట నొక్కుతాడు. అవి మళ్లీ కాలుతాయి. చచ్చినదెవరో తెలిసినది; చంపినదెవరో తెలియలేదు.

“ఆగిపోవడానికి ముందు చిటపటలు వినిపించినవా?”

“వ్యానులో కుదుపు తగిలిన రోజులలో వినిపించేవి కాకా. తడితే పోయేవి.”

పెద్దాయన భూతద్దం తీసినారు. ట్రాన్సిస్టర్ల వేడిని పంచుకొనే లోహపు రెక్క మీద ఒక చిన్న డయోడు ఉంటుంది. రెక్క వేడెక్కితే ఆ డయోడు ట్రాన్సిస్టర్లకు అందే ప్రేరణను తగ్గిస్తుంది. అది కావలివాని వంటిది. దాని కాలి దగ్గర సోల్డరులో వెంట్రుకవంటి బీట కనిపించినది. కుదుపుకు ఆ కాలు విడిపోయినప్పుడు రెండు ట్రాన్సిస్టర్లూ ఒకేసారి తలుపులు తెరిచినవి. విద్యుత్తు వేడిని పెంచినది, వేడి విద్యుత్తును పెంచినది.

సోల్డరు వేయడం రెండు నిమిషాల పని. మంచి ట్రాన్సిస్టరు వెదకడానికి ఒక పూట పట్టినది. పెద్ద టోపీలో చిన్న ముక్క దాచి అమ్మే నకిలీలు బజారు నిండా ఉన్నవి. పైన ముద్రించిన అక్షరాలను ఆయన నమ్మరు. రంపంతో కోసిన నకిలీ ఒకటి అలమారలో ఉంచుకొని అడిగినవారికి చూపిస్తారు. ట్రాన్సిస్టరు టోపీ స్వయంగా విద్యుత్తు మోస్తుంది కనుక రెక్కకు తగలకుండా మధ్య పలుచని అభ్రకపు పొర ఉంచవలె. కోడర్మా, గూడూరు గనుల పేర్లు విన్నవారికి అభ్రకం సంగతి చెప్పనక్కరలేదు: వేడిని సాగనిస్తుంది, విద్యుత్తును ఆపుతుంది.

ఈసారి బల్బు మెరిసి మసకబారినది. స్పీకరు కలపకముందే దాని కొనల వద్ద మీటరు పెట్టగా సున్నకు చేరువగా చూపినది. కలిపిన తరువాత సన్నని హోరు వినిపించినది. శబ్దపు మీట తగ్గించినా హోరు తగ్గలేదు. కాబట్టి దోషం ఆ మీటకు తరువాతి భాగంలోనే ఉన్నది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. సరిచేసిన తరువాత మిగిలే అల 100. ఆ స్వరం గుర్తుపట్టి, లోపల ఎండిపోయిన పెద్ద కండెన్సర్లు రెంటినీ మార్చినారు. స్వరాన్ని దిద్దే చిన్న కండెన్సర్ల జోలికి పోలేదు. అన్నీ మార్చివేసే మరమ్మతుదారులున్నారు. వారు తప్పు చేస్తారని కాదు, మేనమామ పెట్టె గొంతు మాత్రం మిగలదు.

అడిగిన సొమ్ము కొత్త బోర్డు వెలకంటె కొంత ఎక్కువే. యువకుడు సగం ఇచ్చి, మిగిలినది పెండ్లి తరువాత ఇస్తానన్నాడు. గంటసేపు గట్టిగా వాయించమని చెప్పి పెద్దాయన టీ త్రాగుతూ కూర్చున్నారు. గంట గడిచిన తరువాత లేచి వచ్చి, రెండు ట్రాన్సిస్టర్లనూ రెండు వ్రేళ్లతో తాకి చూసినారు. రెండూ ఒకే వెచ్చదనంలో ఉన్నవి. అప్పుడు వెనుక పలక తెచ్చి మరలు బిగించినారు.