ముందు టేపు, తర్వాత ట్రాక్టరు

మొన్న జూలైలో, ముసురు పట్టిన ఓ పొద్దున, బుల్లి ట్రాక్టరొకటి మా తోట బోదె మీది చప్టా దాటి, పెళ్లిపందిట్లో చిన్నపిల్లాడు జనం మధ్యకి దూరినట్టు రెండు కొబ్బరిచెట్ల మధ్యకి దూరి, అవతలికి పోయింది. దాని ముందు మోకాలు దాటిన గడ్డి. వెనకాల తివాచీ. నేను గట్టు మీద చెప్పులు వదిలేసి దాని వెంట పరుగెత్తాను. నాకు యాభై నాలుగేళ్లు. డ్రైవరు కుర్రాడు ఇంజను ఆపేసి, "ఏవైందండీ, ఏదైనా తగిలిందాండీ?" అని కంగారుగా దిగాడు. ఏం చెప్పను? "ఏం లేదు బాబూ, ఇంకోసారి పోనియ్యి, చూస్తాను" అన్నాను. గడ్డి కొట్టే స్లాషరు వెనకాల పరుగెత్తకూడదని, ఎండిన కొబ్బరిచిప్ప తగిలితే తూటాలా ఎగిరొస్తుందని ఆ తర్వాత చీవాట్లతో సహా తెలిసింది.

ఊళ్లోవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. నేను పుట్టింది ఇక్కడే గానీ పదో తరగతి కాగానే ఊరొదిలి, హైదరాబాదులో కుర్చీకి అంటుకుపోయినవాణ్ని. నాన్నగారు పోయాక రాజోలు దగ్గరున్న రెండున్నర ఎకరాల తోట నా చేతికొచ్చింది. తోటంటే దింపులు తీయించడం, అంబాజీపేటలో రేటెంతో కనుక్కోవడం, అంతే అనుకున్నాను. గడ్డి సంగతి ఎవరూ చెప్పలేదు. ఒండ్రు నేల, పుష్కలంగా నీళ్లు, పైన ఉక్క. ఈ మూడూ కలిసినచోట గడ్డి పెరగడం కాదు, పొంగుతుంది. పదిహేను రోజులు కన్నేయకపోతే రాలిన కాయ ఎక్కడుందో కాలితో తడుముకోవాలి. వానాకాలం అలా తడిమే కాలికి ముందుగా తగిలేది కాయే అన్న నమ్మకం లేదు. కొడవలి పట్టే చేతులు సగం గల్ఫులో ఉన్నాయి.

సరే, ట్రాక్టరు కొనేద్దాం అనుకున్నాను. నాకు తెలిసిన లెక్క ఒక్కటే, హార్స్‌పవరు ఎంత ఎక్కువైతే అంత గొప్ప. రావులపాలెంలో ఓ షోరూముకి వెళ్లి నలభై ఏడు హార్స్‌పవర్ల బండెక్కి కూర్చుని ఫోటో కూడా దిగాను. ఆ ఫోటో చూసి మా బాబాయి నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఒరేయ్, ట్రాక్టరు కొనడానికి వెళ్లేవాడు పట్టుకెళ్లాల్సింది చెక్కుబుక్కు కాదురా. టేపు. నీ తోటలోకి అది దిగుతుందా?"

దిగకపోవడం ఏమిటి? తోటే గదా!

ఇద్దరం టేపు పట్టుకుని బయల్దేరాం. పుంత ఏడడుగులు, బాగానే ఉంది. పుంతలోంచి తోటలోకి దిగేచోట బోదె, దాని మీద చప్టా. మా తాత కాలంలో కావిళ్లతో కాయలు మోసేవాళ్ల కోసం పోసింది. కొలిస్తే నాలుగడుగుల మూడంగుళాలు. నేను ఫోటో దిగిన ట్రాక్టరు ఐదున్నర అడుగుల పైమాట, బరువు దగ్గర దగ్గర రెండు టన్నులు. అది చప్టా ఎక్కితే చప్టా బోదెలో ఉంటుంది, దాని మీద ట్రాక్టరుంటుంది, దాని మీద నేనుంటాను.

అప్పుడు తట్టింది నాకు ఈ కోనసీమ తమాషా. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక గోదావరి నీళ్లు కాలవలై, పిల్లకాలవలై, బోదెలై చేనుకీ చేనుకీ మధ్య గీతలు గీసేశాయి. గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు, మధ్యలో వైనతేయ, మిగిలినదాన్ని ఈ గీతలు ముక్కలు చేశాయి. ఇంకోచోటైతే ట్రాక్టరుని నేలని బట్టి ఎంచుకుంటారు. ఇక్కడ చప్టాని బట్టి ఎంచుకోవాలి! ఈ ముక్క ఏ షోరూము పుస్తకంలోనూ లేదు. ఉండదు కూడా, వాళ్లకేం తెలుసు మా తాత పిసినారితనం.

తోటలో చెట్ల మధ్య కూడా కొలిచాం. ఇక్కడ ఇంకో కథ బయటపడింది. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి గదా, ఆ తర్వాత నాన్నగారు పడమటి సగం కొత్తగా వేయించారు. అది ఇరవై ఐదడుగులకొక చెట్టు చొప్పున సైన్యంలా నిలబడి ఉంటుంది. తూర్పు సగం తుపానుకి తట్టుకున్న ముసలి చెట్లు. అవి ఎవరికిష్టమైన చోట వాళ్లు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటాయి. ఆ కబుర్ల మధ్య కోకో మొక్కలు, అరటి పిలకలు. ఒకచోట దారి ఐదడుగులే.

కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాక, నా హార్స్‌పవరు అహంకారం పూర్తిగా దిగిపోయింది. కింది నుంచి మొదలుపెట్టాను.

మొదట బ్రష్ కట్టరు. ఊళ్లో "గడ్డి మిషను" అంటారు. భుజానికి తగిలించుకుని ఆ కడ్డీని అటూ ఇటూ ఊపుతుంటే గరిక, వయ్యారిభామ, తుంగ పడిపోతుంటాయి. అత్తిపత్తి అయితే ముందు ఆకులు ముడుచుకుని దణ్ణం పెడుతుంది, తర్వాత పడిపోతుంది. కొంచెం పాపం అనిపించింది. మొనలో ఇనప బ్లేడు బదులు నైలాను తాడు వేసుకోవచ్చని తెలిసినప్పుడు నేను నమ్మలేదు. తాడుతో గడ్డి తెగడమేమిటి? దీని పుట్టుక ఇంకా చిత్రం. అమెరికాలో హ్యూస్టన్‌లో జార్జి బల్లాస్ అనే ఆయన 1971లో కారు కడిగే చోట గిరగిరా తిరిగే బ్రష్షుల్ని చూశాడట. ఇంటికొచ్చి ఒక రేకు డబ్బాకి చేపల గాలపు తాడు ముక్కలు కట్టి తిప్పాడు. గడ్డి తెగింది. గాలాలు, తాళ్లు మాకు కొత్తా? గోదారి గట్టున కూర్చుని ఇన్నేళ్లుగా చేపల్ని మాత్రమే పట్టాం!

మా మిషను టూ స్ట్రోకు. లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీలీటర్ల నూనె కలిపి పోయాలి. నూనె మర్చిపోతే ఇంజను బిగుసుకుపోతుంది. మందుసీసా మూతతో కొలిచి పోసేవాణ్ని, ఆ పెట్రోలు వాసనకి మా ఆవిడ వంటింటి తలుపేసుకునేది. ఫోర్ స్ట్రోకుదైతే ఈ కలపడం బెడద లేదు, కాకపోతే ధర ఎక్కువ.

దీంతోనే మొదటి పాఠం కూడా నేర్చుకున్నాను. కొత్తగా నాటిన గోదావరి గంగ కొబ్బరి మొక్క మొదట్లో గడ్డి కొడుతూ ఒక గాటు పెట్టాను. మామిడికైతే మానిపోయేది. కొబ్బరికి బెరడు లేదు, కాండం ఏటేటా లావెక్కదు, కాబట్టి గాయం పూడదు. ఆ చెట్టు బతికినన్నాళ్లూ ఆ గాటు ఉంటుంది. పైగా ఎర్రముక్కు పురుగుకి అది తెరిచిన తలుపు. ఇప్పుడు ప్రతి మొదలు చుట్టూ రెండడుగులు కొడవలితోనే. మిషను అక్కడికి రాదు.

కానీ రెండున్నర ఎకరాలు భుజాన మోయడం నా వయసుకి తగదు. రెండోరోజుకే చేతులు వణికి కాఫీ గ్లాసు నిలవలేదు. అప్పుడు పక్కూరి నుంచి పవర్ టిల్లరు అద్దెకి తెచ్చాను. నడిచేవాడి ముందు రెండు చక్రాలు, వెనకాల కొమ్ముల్లాంటి పొడుగు పిడులు, పదమూడు హార్స్‌పవర్లు. దీని తిప్పుడు బలే ఉంటుంది. ఎడమ పిడి కింద క్లచ్చు నొక్కితే ఎడమ చక్రానికి శక్తి ఆగిపోతుంది, కుడి చక్రం తోస్తుంది, బండి ఎడమకి తిరుగుతుంది. ఒక్క గంటలో నేర్చేసుకున్నాననుకున్నాను. గట్టు మీంచి కిందికి దించేటప్పుడు ఎడమకి తిప్పుదామని ఎడమ క్లచ్చు నొక్కితే, అది ఏ మొహమాటమూ లేకుండా కుడికి తిరిగి నన్ను బోదెలోకి లాక్కుపోయింది. బాబాయి గట్టు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. "పల్లంలో తిరగబడుద్దిరా అది, ఎవరూ చెప్పలేదా?" అన్నాడు నింపాదిగా. పల్లంలో ఇంజను బండిని తోయదు, పట్టి ఆపుతుంటుంది. క్లచ్చు నొక్కి వదిలించిన చక్రమే ముందుకు జారిపోతుంది. బోదెలోంచి నడుముల దాకా బురదతో లేచి, ఆ సూత్రం అర్థమైనందుకు నేను నవ్వుతుంటే, ఆయనకి నా మీద నిజంగా బెంగ పట్టుకుంది.

టిల్లరుకి రొటావేటరే ఉంటుంది, నేల గుల్ల చేస్తుంది. ఆస్ట్రేలియాలో హొవర్డ్ అనే రైతుబిడ్డ 1912లో దాన్ని మొదలుపెట్టాడంటారు. రొటావేటరు అన్న పేరుని ఇంగ్లీషులో ఎటు నుంచి చదివినా ఒకటే, మన వికటకవిలాగ. కానీ అది తోటలో చేసే పని కూడా కాస్త వికటమే. తుంగ ఉన్నచోట రొటావేటరు వేస్తే తుంగ గడ్డలు విడివిడిగా చెదిరి, చెదిరిన ప్రతి గడ్డా ఒక మొక్కవుతుంది. నేను రెండు సెంట్లలో చేసి చూశాను. మూడు వారాల్లో తుంగ తోట మొలిచింది, నేనే నాటినట్టు! పైగా కొబ్బరికి తల్లివేరు లేదు, పీచువేళ్లలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ ఆరేడడుగుల్లోనే ఉంటాయి. అక్కడ లోతుగా గెలికితే చెట్టు అన్నం కంచం లాగేసినట్టే. అంటే నా తోటకి కావాల్సింది దున్నేది కాదు, కొట్టేది! కొట్టిన గడ్డి అక్కడే పడి కప్పుగా ఉంటుంది, తేమ ఆపుతుంది, ఎండి ఎరువవుతుంది. ఈ ఒక్క మాట ఎక్కడానికి నాకు మూడు నెలలు, ఒక బురద స్నానం పట్టాయి.

అలా చేరాను బుల్లి ట్రాక్టరు దగ్గరికి. ఇరవై నాలుగు హార్స్‌పవర్ల కుబోటా నియోస్టార్ బి2441, మహీంద్రా జీవో 245, ఈ రెండూ నాలుగు చక్రాలూ లాగే రకాలు. ఇంకా సన్నగా కావాలంటే 2021లో వచ్చిన స్వరాజ్ కోడ్ ఉంది, పదకొండు హార్స్‌పవర్లే. నేను మొదటిదాన్ని టేపు పెట్టి కొలిచాను. నలభై అంగుళాలు. సేల్స్ కుర్రాడు మైలేజీ చెబుతున్నాడు, వాయిదాలు చెబుతున్నాడు, 2025 సెప్టెంబరులో జీఎస్టీ పన్నెండు నుంచి ఐదుకి తగ్గిందని చెబుతున్నాడు. నేను ఆ నలభై దగ్గరే ఆగిపోయి, టేపు మళ్లీ పెట్టి ఇంకోసారి చదువుకున్నాను.

నాలుగు చక్రాలూ ఎందుకు లాగాలో తోటలోకి వచ్చాక తెలిసింది. బండి తేలిక, నేల తడి. వెనక చక్రాలే తోస్తే అక్కడే తిరుగుతూ గుంట తీస్తాయి. ముందువి కూడా పట్టుకుంటే పాకుతూ పోతుంది. దమ్ముకి వాడే ఎత్తు పళ్ల టైర్లు మాత్రం వద్దు, అవి గడ్డిని వేళ్లతో సహా పెకిలిస్తాయి.

అన్నిటికన్నా నాకు మతి పోయింది స్లాషరు అడుగు చూసినప్పుడు. పళ్లెంలాంటి ఇనప మూత తిరగేస్తే లోపల బ్లేడ్లు గట్టిగా బిగించి లేవు! మేకు మీద వదులుగా వేలాడుతున్నాయి, వేలితో నెడితే కదులుతాయి. కంపెనీవాళ్లు బిగించడం మర్చిపోయారనుకున్నాను. కాదట. ట్రాక్టరు వెనకాల కడ్డీ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, పైనున్న పళ్లచక్రాల పెట్టె దాన్ని ఇంకా వేగం చేస్తుంది, ఆ విసురుకి బ్లేడ్లు వాటంతటవే తిన్నగా చాచుకుంటాయి. గడ్డిని కోస్తాయి. రాయో, దుంగో తగిలితే మడుచుకుని పక్కకి తప్పుకుంటాయి, తప్పుకుని మళ్లీ చాచుకుంటాయి. గట్టిగా ఉంటే విరిగేవి, వదులుగా ఉన్నాయి గనక నిలుస్తున్నాయి. నేను ఆ బురద నేల మీద బోర్లా పడుకుని ఐదు నిమిషాలు అదే చూశాను. కుర్రాడు తాళం తీసి జేబులో వేసుకున్నాడు, జాగ్రత్తగా.

ఒక్కటి మాత్రం మిషను చెయ్యదు, మట్టలు ఏరడం. చెట్టు ఏడాదికి పన్నెండు మట్టల దాకా రాలుస్తుంది. ఎకరానికి అరవై చెట్లు పెట్టుకున్నా ఏడు వందల పైచిలుకు. స్లాషరు కింద మట్ట పడితే చుట్టుకుపోయి ఆగిపోతుంది. ముందు మనిషి నడిచి ఏరాలి. ఏరినవి కుప్పేసి కుళ్లబెడితే కొమ్ము పురుగు అందులోనే కాపురం పెడుతుంది. అందుకని మట్టల్ని ముక్కలు చేసే యంత్రం మీద ఇప్పుడు నా కన్ను పడింది, అదీ ఆ ట్రాక్టరుకే తగులుకుంటుందిట. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

రెండున్నర ఎకరాలకి ఐదారు లక్షల బండి కొనడం తెలివైన పనేనా అంటే, కాదు. పెదనాన్న కొడుకులిద్దరూ, నేనూ కలిసి కొన్నాం. ముగ్గురి తోటలూ కలిపితే తొమ్మిదెకరాలు. సోమ మంగళవారాలు నావి. మూడున్నర అడుగుల స్లాషరు తీసుకున్నాం. రావులపాలెం నుంచి వ్యాను మీద ఎక్కించి, కొత్తపేట దాటి, పి.గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మ అక్విడక్టు మీద వైనతేయ దాటిస్తుంటే, నేను వ్యాను వెనకాల ట్రాక్టరు సీటు పట్టుకుని కూర్చున్నాను. కింద నది, మధ్యలో కాలవ, పైన నేను.

నిన్న రాత్రి బాబాయి ఫోను చేశాడు. ఈ గోలంతా మొదలైనప్పట్నుంచీ ఆ బండిని ఆయన బొమ్మ ట్రాక్టరు అంటున్నాడు. ఆయన తోట లంక వైపు, దారి మరీ ఇరుకు.

"ఒరేయ్, మీ స్లాషరు నలభై రెండంగుళాలన్నావు గదూ?"

"అవును బాబాయ్."

"మా దడికీ, కొట్టం గోడకీ మధ్య నలభై మూడున్నర వస్తంది. గోడ పక్కన ఆ తులసికోట ఉంది చూడూ, దాన్ని కాస్త జరిపితే ఇంకో రెండంగుళాలు. మీ పిన్నిని అడుగుతున్నాను, ఉండు."