లూసిన్ ఎటు తిరిగింది?

హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీలో ప్రొటీన్ స్ఫటికాల మీద పనిచేసేవాళ్ల దగ్గరికి వెళ్తే చూపు ముందు పరికరాల మీదికే పోతుంది. నేను ఎక్కువసేపు చూసింది మాత్రం ఒక కంప్యూటర్ తెరను. 'కూట్' ప్రోగ్రామ్‌లో నీలిరంగు వల కనిపిస్తోంది. ఎక్స్-రే కొలతల నుంచి లెక్కగట్టిన ఎలక్ట్రాన్ సాంద్రత మ్యాప్ అది. లోపల పసుపు గీతల్లో ప్రొటీన్ నమూనా. ప్రధాన గొలుసు వలలో చక్కగా ఇమిడింది. లూసిన్ అనే ఒక అమైనో ఆమ్లపు పక్క గొలుసూ ఇమిడినట్టే ఉంది కానీ, దాని కొసన ఒక ఎర్ర మచ్చ, ఆ పక్కనే ఒక పచ్చ మచ్చ. కొలతల్లో లేనిచోట నమూనా పరమాణువును పెడితే ఎరుపు, ఉన్నదాన్ని వదిలేస్తే పచ్చ.

వేల పరమాణువుల్లో నాలుగు పక్కకు జరిగితే ఏం కొంప మునిగిందని అడగొచ్చు. ఆర్-ఫ్రీ దాదాపు కదలదు, నిజమే. 1992లో బ్రుంగర్ ప్రవేశపెట్టిన ఆ కొలత మొత్తం నమూనా ఎంత నమ్మదగ్గదో చెబుతుంది. ఫలానా లూసిన్ సంగతి చెప్పడం దాని పని కాదు. మందు అణువు వచ్చి కూర్చునేదేమో సరిగ్గా అలాంటి నాలుగైదు పక్క గొలుసుల నడుమనే. రిఫైన్‌మెంట్ ప్రోగ్రామే సర్దేస్తుంది కదా అంటారు ఇంకొందరు. అది పరమాణువులను కొద్దికొద్దిగా జరుపుతూ దగ్గర్లో ఉన్న మెరుగైన స్థితికి చేర్చి ఆగిపోతుంది. లూసిన్ చివర రెండుగా చీలి ఉంటుంది కనుక, తప్పుగా తిరిగినా మసక మ్యాప్‌లో సరిపోయినట్టే కనిపిస్తుంది. సరైన వైపు తిరగాలంటే మధ్యలో పొసగని స్థితులు దాటాలి, ప్రోగ్రామ్ అంత దూరం పోదు. అందుకే మనిషి చెయ్యి పడాలి. పక్క గొలుసులు ఇష్టపడే కోణాలను, అంటే రోటమర్లను, అప్పటికి తెలిసిన నిర్మాణాలను బట్టి పాండర్, రిచర్డ్స్ 1987లోనే జాబితా కట్టారు. తెర ముందున్న పరిశోధకురాలు అలాంటి మరో రోటమర్‌ను ఎంచి మళ్లీ రిఫైన్‌మెంట్ నడిపితే రెండు మచ్చలూ పోయాయి.

అలాగైతే పాత నిర్మాణాల అలవాట్లనే కొత్తదాని మీద రుద్దుతున్నట్టు కాదా? ఇది గట్టి ప్రశ్నే. ఎంజైమ్ క్రియాస్థానంలో అరుదైన కోణాలు నిజంగానే ఉంటాయి. కాకపోతే అరుదైనదాన్ని ఒప్పుకోవడానికి మ్యాప్ అంత స్పష్టంగా పలకాలి. ఒక్కోసారి మ్యాప్ అసలు పలకదు: ఆస్పరజిన్ కొసన ఆక్సిజన్‌కు 8 ఎలక్ట్రాన్లు, నైట్రోజన్‌కు 7, ఏది ఎటుందో మామూలు స్పష్టతలో తేలదు. అక్కడ చుట్టూ ఉన్న హైడ్రోజన్ బంధాలే సాక్ష్యం.

ఉపరితలం మీద వల బయటికి వేలాడే లైసిన్ విషయంలో తగవు ఇంకా ఉంది. కనిపించని పరమాణువులను కొందరు కత్తిరించేస్తారు. చూడనిదాన్ని చూపకూడదన్న వాళ్ల నిజాయితీ నాకు నచ్చుతుంది. అయినా కత్తిరించిన నమూనాతో విద్యుదావేశం లెక్కిస్తే ప్రొటీన్‌లో ఉన్న ధనావేశం మాయమైపోతుంది. దాన్ని అనుకూలమైన రోటమర్‌లో ఉంచి, పరమాణువు స్థానం ఎంత అస్థిరమో చెప్పే బీ-ఫ్యాక్టర్‌ను పెరగనిచ్చి, ఆ సంగతి ప్రచురణలో రాయడమే మేలని నేను అనుకుంటున్నాను.