తుంగభద్ర ఒడ్డున ఒంటరి పుట్టినరోజు

పశ్చిమ కనుమల్లోని గంగామూల దగ్గర తుంగ, భద్ర రెండూ పుట్టి, చెరో దారి పట్టి, శివమొగ్గ దాటాక కూడ్లి అనే ఊళ్ళో కలిసి తుంగభద్ర అవుతాయి. అక్కడి నుంచి హరిహరం మీదుగా హోసపేట దాకా నది వెంట ఆగకుండా వెళ్ళిపోవచ్చు. 1953లో పూర్తయిన డ్యాం అక్కడ నీటిని నిలిపి రాయలసీమ కాలువలకు కూడా పంచుతుంది. కరోనా కాలంలో పుట్టినరోజు నాడు ఒక్కరే ఈ దారిన బయల్దేరితే ఇంటాబయటా వినిపించిన మాట ఒకటే: "ఇప్పుడిది అవసరమా?" లాక్‌డౌన్ అమలులో ఉన్నంతకాలం ఇల్లు కదలకూడదన్నది నిజం, అందులో ఎవరికీ మినహాయింపు అడగను. కానీ రాకపోకలకు అనుమతి వచ్చాక కూడా ఒంటరి యాత్రికుణ్ణి దోషిలా చూడడం తప్పు. మహమ్మారి రోజుల్లో కొలవాల్సింది మనిషి ఎన్ని కిలోమీటర్లు వెళ్ళాడన్నది కాదు, ఎంతమందిని కలిశాడన్నది.

ఇందుకు రుజువు ఈ నది ఒడ్డునే ఉన్న హంపిలో దొరుకుతుంది. పురావస్తు శాఖ తన కట్టడాల్ని 2020 మార్చి 17న మూసి, చాలావాటిని జూలై 6 దాకా తెరవలేదు. ఆలోపే, మే నెల నుంచి, పెళ్ళికి 50 మంది దాకా రావచ్చని కేంద్ర హోంశాఖ నిబంధనలు అనుమతించాయి. వైరస్ ఎక్కువగా అంటుకునేది గాలి ఆడని చోట, దగ్గరదగ్గరగా, ఎక్కువసేపు గడిపినప్పుడు. అంటే కల్యాణ మండపంలో బంతిభోజనానికి కూర్చున్న 50 మందికి దారి దొరికింది. 4 వేల హెక్టార్లకు పైగా పరచుకున్న రాళ్ళగుట్టల మధ్య ఒక్కడే నడిచే మనిషికి దొరకలేదు. గుంపుగా చేసుకునే వేడుకను సంప్రదాయమని మన్నించాం, ఒంటరిగా చేసుకునే వేడుకను విలాసమన్నాం. దీని భారం హంపికి ఏటి అవతలున్న అనెగొంది రేవులో పుట్టి నడిపేవాళ్ళ మీద, గైడ్ల మీద, చిన్న హోటళ్ళ మీద పడింది. జనం విరగబడకుండా ఒక్కొక్కరే వచ్చే యాత్రికులు వాళ్ళ పొయ్యి వెలిగించగలిగేవారు.

అందరూ ఇలాగే బయల్దేరితే గుంపు కాదా అన్నది సరైన ప్రశ్నే. 2021 జూలైలో కొండ ప్రాంతాలకు జనం పోటెత్తడం చూసి ప్రధాని స్వయంగా ఆందోళన చెప్పాల్సి వచ్చింది. అయితే ఆ రద్దీ అందరూ ఒకేసారి కదలడం వల్ల వచ్చింది. పుట్టినరోజు స్వభావం వేరు. అది ఏడాదిలోని 365 రోజులకూ మనుషుల్ని తనంతట తానే పంచిపెడుతుంది. ఈ సూత్రం ప్రభుత్వాలకు తెలియనిదీ కాదు. 2020 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 1 వరకు జరిగిన తుంగభద్ర పుష్కరాల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నదిలో మునకలు వద్దని చెప్పి, పిండప్రదానాలకు ఈ-టికెట్లతో వేళలు కేటాయించింది. భక్తిని ఆపకుండా రద్దీని విడదీయవచ్చని ఒప్పుకున్నప్పుడు, ఒంటరి మనిషి సంతోషానికి అదే న్యాయం ఎందుకు వర్తించదు?

బయటివాడు ఊరికి జబ్బు మోసుకొస్తాడన్న భయాన్ని మాత్రం తేలిగ్గా తీసెయ్యలేం. మంత్రాలయం దాటి నది చేరే కర్నూలు, 2020 ఏప్రిల్ నాటికే ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ కేసులున్న జిల్లాల్లో ఒకటి. అందుకే ఒంటరి యాత్రకూ షరతులుండాలి: ఒంట్లో ఏమాత్రం నలతగా ఉన్నా కదలకూడదు, సొంత వాహనంలో వెళ్ళాలి, మాస్కు తీయకూడదు, వృద్ధులున్న ఇంట్లో దిగకూడదు. ఇన్ని మరణాల నడుమ వేడుకేమిటన్న మాట ఇంకా బరువైనది. కానీ నెలల తరబడి నగరంలో ఒకే గదిలో మగ్గినవారికి పుట్టినరోజున మిగిలిన దారులు రెండే. అమ్మానాన్నల దగ్గరికి వెళితే వాళ్ళకు ముప్పు. నది ఒడ్డున ఒక్కరే కూర్చుంటే ఎవరికీ ముప్పు లేదు. దుఃఖాన్ని గౌరవించడమంటే గదిలోనే కుంగిపోవడం కాదు.

మనుషుల్ని వదిలి సరిహద్దుల్ని లెక్కపెడితే ఎంత ఘోరం జరుగుతుందో కర్నూలు వంతెన అవతల, తెలంగాణలోని పుల్లూరు టోల్‌గేట్ దగ్గర 2021 మేలో చూశాం. అప్పుడు వైద్యం కోసం హైదరాబాద్ వెళ్తున్న రోగుల అంబులెన్సుల్ని అనుమతి పత్రాల్లేవంటూ అక్కడే ఆపేశారు. దారిలోనే ప్రాణాలు పోయాయని పత్రికలు రాశాయి. ముందస్తు అనుమతి తప్పనిసరన్న తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వుపై మే 14న ఆ రాష్ట్ర హైకోర్టు స్టే ఇచ్చింది. విహారానికి వెళ్ళేవాడి ఇబ్బందిని ఈ రోగుల వేదనతో సమానం చేయలేం. అయినా రెండింటి వెనకా ఉన్న పొరపాటు ఒక్కటే: గీత దాటాడా లేదా అన్నదే చూశారు, దాటితే ఎవరికి హాని, ఆపితే ఎవరికి హాని అని చూడలేదు. మరో మహమ్మారి రాక తప్పకపోవచ్చు. ఆనాటి నిబంధనల్ని ఇప్పుడే, తీరిగ్గా రాసుకోవాలి. వాటిలో అంబులెన్సుకు ఏ సరిహద్దులోనూ అడ్డు ఉండకూడదు, గుంపుకు గట్టి కట్టడి ఉండాలి, ఒంటరిగా ఆరుబయటికి వెళ్ళే మనిషికి దారి ఉండాలి.