గుంటూరు నుంచి ఉప్పల్ దాకా... ఓ పేరు ప్రయాణం

ఉప్పల్ రింగురోడ్డు. కింద వరంగల్ బస్సులు, పైన 2017లో మొదలైన మెట్రో. కాస్త ముందుకెళ్తే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అటు తిరిగితే నాచారం పారిశ్రామికవాడ. బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లతో నిండిన ప్రాంతమిది. గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు పెట్టేబేడాతో పాటు ఇంకొకటి కూడా తెచ్చుకున్నాయి... లూథరన్ అన్న పేరు.

'మీదే చర్చి?' అంటే తెలంగాణలో ఎక్కువగా వినిపించేవి సీఎస్ఐ, మెథడిస్టు, బాప్టిస్టు పేర్లే. అప్పట్లో మిషనరీ సంస్థలు ప్రాంతాలు పంచుకుని పనిచేశాయి మరి. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, నల్గొండ బాప్టిస్టులది. గుంటూరుకు 1842 జులై 31న లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చారు. ఆ కృషి ఫలితమే 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి. 1947లో సీఎస్ఐ పుట్టినప్పుడు అది అందులో కలవలేదు.

పేరులో ఏముంది?

పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ ప్రశ్నించాడు. దేవుడి క్షమ కొనుక్కునేది కాదు, ఉచితంగా దొరికేది... ఇదీ ఆయన మాట సారం. అందుకే లూథరన్లు పసిబిడ్డకూ బాప్తిస్మం ఇస్తారు. కృప ముందు, తెలుసుకోవడం తరవాత. అలా తెలుసుకోవడానికే లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. చదువు మీద ఆ పట్టుదలే గుంటూరులో 1885లో ఏసీ కాలేజీ అయింది. ఊరికి దూరంగా నెట్టేసిన పల్లెల్లోని దళిత కుటుంబాలకు అక్షరాన్నీ, తలెత్తుకునే ధైర్యాన్నీ ఇచ్చింది.

ఊరి సంఘమా? వాడ సంఘమా?

సొంతూళ్లో సంఘం పుట్టుకతో వస్తుంది. నగరంలో ఎంచుకోవాలి. ఇంటి పక్కనున్న ఏ ప్రార్థనాలయానికైనా పిల్లలు వెళ్లిపోవచ్చు. 2014 తరవాత చర్చి కేంద్రం గుంటూరు ఒక రాష్ట్రం, వాళ్లు పెరుగుతున్నది ఇంకో రాష్ట్రం. ఊరి జ్ఞాపకం ఒక్కటే అయితే ఆ పేరు తాతలతోనే ఆగిపోతుంది.

పేరు నిలుపుకోవాలంటే గోడ కట్టుకోనక్కర్లేదు. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్లు కలిసి 1964లో రాజమండ్రిలో పెట్టిన ఆంధ్ర క్రైస్తవ థియోలాజికల్ కాలేజీ 1973లో హైదరాబాద్ చేరింది. వేర్వేరు సంఘాల పాదిరిగార్లు అక్కడ ఒకే బల్ల మీద చదువుకుంటారు.

ఉప్పల్, నాచారాల్లోనూ దారి అదే. గుంటూరు యాస రాని పక్కింటి కార్మికుడి బిడ్డకూ ఆ ఉచితమైన కృప గురించి చెప్పగలిగితే, చదువుకు చేయందించగలిగితే... లూథరన్ అన్న మాటకు అర్థం ఇక్కడా ఉన్నట్టే.