జమ వైపు పేజీ

మా ఇంటికి ప్రతి జనవరిలో ఒక కొత్త డైరీ వస్తుంది. ఎల్‌ఐసీ ఏజెంటు గారు ఇచ్చి వెళతారు. డైరీ రాసే అలవాటు ఇంట్లో ఎవరికీ లేదు కనుక అది నా పద్దుల పుస్తకం అయిపోతుంది. ఎడమ పేజీలో జమ, కుడి పేజీలో ఖర్చు. పెళ్ళైన కొత్తలో మా అమ్మ నేర్పిన పద్ధతి అది. కుడి పేజీలో పాలు, కూరలు, గ్యాసు, ఫీజులు, పెళ్ళిళ్ళ చదివింపులు రాసి రాసి చోటు చాలక అంచుల్లోకి కూడా ఎక్కుతుంటాయి. ఎడమ పేజీలో మాత్రం ఇరవై ఏళ్ళుగా ఒకటే లైను. 'ఆయన జీతం'.

పోయిన ఏడాది జూలై నెలలో ఆ లైను లేదు.

మావారు 19 ఏళ్ళు ఒకే కంపెనీలో అకౌంట్స్ చూశారు. ఏప్రిల్ చివర్లో వాళ్ళు హైదరాబాద్ బ్రాంచి మూసేశారు. రెండు నెలల జీతం చేతిలో పెట్టి పంపించారు. ఆ మర్నాడు కూడా ఆయన అలవాటుగా తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నారు. ఎక్కడికీ వెళ్ళేది లేదని మా ఇద్దరికీ తెలుసు. నేను ఏమీ అనకుండా టిఫిన్ పెట్టాను. "48 ఏళ్ళ వాడిని ఎవరు తీసుకుంటారులే" అని ఒక్కసారే అన్నారు. తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

నేనేం చేశానో చెప్పనా? దాచాను. మా అక్క అడిగితే "ఇంటి నుంచే పని చేసుకోమన్నారు" అన్నాను. ఖమ్మంలో ఉన్న అత్తయ్యకీ అదే చెప్పాను. ఆవిడకి నెలనెలా పంపే 4,000 ఆపలేదు. అది ఆపితే తెలిసిపోతుందిగా. అందుకని నా గాజులు బ్యాంకులో పెట్టి, చేతులకి రోల్డ్‌గోల్డ్‌వి తొడుక్కున్నాను. చూసేవాళ్ళకి తేడా తెలియదనుకున్నాను.

సరిగ్గా ఆ మే నెలలోనే మా అమ్మాయి తన మాట చెప్పింది. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. మార్కులూ బాగానే వచ్చాయి. రాత్రి అన్నాలు తింటుంటే, "అమ్మా, నేను ఇంజనీరింగ్ చేరను. డిగ్రీలో హిస్టరీ తీసుకుంటా" అంది.

నా నోటి నుంచి వెంటనే వచ్చిన మాట ఇది. "బీఏ చదివి ఏం చేస్తావే?"

ఎవరూ మాట్లాడలేదు. పిల్ల నా వైపు చూసింది. నేను బీఏ తెలుగు. సరిగ్గా ఇదే మాట మా పెదనాన్న నన్ను అడిగితే, ఆ రోజు గదిలోకి వెళ్ళి ఏడ్చింది నేనే. మావారు కంచంలోంచి తల ఎత్తి, "మీ అమ్మనే అడగవే, ఆవిడకి తెలుస్తుంది" అని నవ్వారు. నెల తర్వాత ఆయన నవ్వడం అదే. పిల్లలూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. హిస్టరీ మీద నాకెందుకంత కోపం? నా పిల్ల కష్టపడుతుందనా? కాదు. నిజం చెబుతున్నాను, ఆయన ఉద్యోగం పోయిన రోజే నేను మనసులో ఓ లెక్క వేసుకున్నాను. నాలుగేళ్ళు ఓర్చుకుంటే పిల్ల బీటెక్ అయిపోతుంది, జీతం వస్తుంది అని. దాన్ని అడగకుండానే దాని పేరు నా జమ పేజీలో రాసేసుకున్నాను. తండ్రి ఒక్కడూ ఇరవై ఏళ్ళు మోసిన లైనుని తెచ్చి 17 ఏళ్ళ పిల్ల నెత్తిన పెట్టబోయాను. ఆయన మోసినన్నాళ్ళూ అది బరువని నాకు తోచనే లేదు. ఒకటో తారీకుకి జీతం రావడమంటే తెల్లారితే పాలు రావడం లాంటిదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఫోన్ తీసి, "రా, దోస్త్ ఫారం నింపుదాం" అన్నాను. డిగ్రీ సీట్లకి ఇక్కడ ఆన్‌లైన్‌లో పెట్టుకునే దరఖాస్తు అది. పిల్ల నా పక్కన కూర్చుని కాలేజీలు ఒక్కొక్కటే ఎంచుకుంటుంటే, దాని మొహంలో రెండేళ్ళుగా చూడని తేటదనం కనిపించింది.

జూన్‌లో మూడు గదుల ఫ్లాటు ఖాళీ చేసి, రెండు గదుల వాటాలోకి మారాం. అద్దెలో 7,000 తగ్గింది. సోఫా పట్టలేదు, అమ్మేశాం. చిన్నవాడు రెండు రోజులు అలిగి, తర్వాత డాబా మీద క్రికెట్ దొరికేసరికి మర్చిపోయాడు.

కింద వాటాలో రాజస్థాన్ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఆవిడ ఒకరోజు మూడో తరగతి చదివే కొడుకుని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టంతో సీబీఎస్‌ఈ అయినా ఐసీఎస్‌ఈ అయినా బళ్ళలో తెలుగు తప్పనిసరి అయింది కదా. వాళ్ళింట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. "దీదీ, మీరు తెలుగు చదివారట. వీడికి కొంచెం చెప్పరా?" అంది. ఇంతకాలానికి నా బీఏ గురించి ఒకరు మంచిగా అడిగారు!

గుణింతాలు గడిచాయి కానీ వత్తుల దగ్గర పిల్లవాడు మొండికేశాడు. "గ కింద గ వత్తు గ లాగే ఉంది. మ కింద మ వత్తు మ లాగా ఎందుకు లేదు ఆంటీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆలోచిస్తే ఓ ఉపాయం తట్టింది. అమ్మ, అత్త, అన్న, తాతయ్య, చెల్లి. రూపం మారిపోయే వత్తులు దాదాపు అన్నీ చుట్టాల పిలుపుల్లోనే ఉన్నాయి! కాగితం మీద ఇల్లు గీసి, అందులో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పేర్లు రాయించాను. ర వత్తు ఒక్కటే మిగిలింది, దానికోసం వాకిట్లో ఒక గొర్రెని కట్టేశాం. వారం రోజుల్లో వాడు ఎదురు షాపు బోర్డు కూడబలుక్కుని చదివాడు. ఆగస్టు నాటికి నా దగ్గర ఆరుగురు పిల్లలు.

నెలాఖరుకి మొదటి ఫీజులు వచ్చాయి. అన్నీ కలిపి 4,500. ఎడమ పేజీ తీసి చాలాసేపు కూర్చున్నాను. రాస్తే ఆయన బాధపడతారేమో, రాయకపోతే లెక్క తప్పుతుంది. చివరికి చిన్న అక్షరాలతో 'నా ట్యూషన్' అని రాశాను. రాత్రి ఆయన డైరీ తిరగేస్తుంటే వంటింట్లోంచి చూస్తున్నాను. పేజీ పైనుంచి కిందిదాకా చదివి, "ఖర్చు వైపు కూడిక తప్పేశావు, 60 రూపాయలు తేడా ఉంది" అని పెన్ను తీసి దిద్దారు. అంతే. నాకు ప్రాణం తేలికపడింది.

దసరాకి అత్తయ్య వచ్చారు. వచ్చిన గంటకే నా చేతులు పట్టుకుని గాజులు తిప్పి చూశారు. ఏమీ అడగలేదు. మర్నాడు నేను పప్పు రుబ్బుతుంటే పక్కన పీట వేసుకుని, "నాకు ముందు వాటా అద్దె వస్తోంది, ఒక్క ప్రాణానికి చాలు. నువ్వు గాజులు తాకట్టు పెట్టి పంపిన డబ్బుతో కొన్న మాత్రలు నాకు పనిచేస్తాయా అమ్మాయ్? ముందే చెబితే నేనేమన్నా పరాయిదాన్నా?" అన్నారు. ఆరు నెలలుగా దాచిపెట్టిన ఏడుపంతా ఆ పప్పు దగ్గరే కూర్చుని ఏడ్చేశాను. ఇక ఎవరి దగ్గరా దాచలేదు. మా అక్కకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను.

దాచడం మానేసినందుకేనేమో, పని కూడా అలాగే దొరికింది. మా వీధి చివర హార్డ్‌వేర్ షాపు ఆయనతో మావారు మామూలుగా "ఉద్యోగం పోయిందండీ, అకౌంట్స్ చేసేవాడిని" అన్నారట. "అయితే మా జీఎస్టీ చూస్తారా" అని ఆయన బిల్లుల సంచీ ముందు పెట్టాడు. నెలనెలా 11వ తేదీకల్లా అమ్మకాల వివరాలు, 20వ తేదీకల్లా పన్ను లెక్క వేయాలి. ఆలస్యమైతే రోజుకింత అని జరిమానా. చిన్న షాపుల వాళ్ళకి ఇది పెద్ద తలనొప్పి. ఒక షాపు నుంచి మరో షాపుకి మాట వెళ్ళి, ఇప్పుడు తొమ్మిది షాపులయ్యాయి. మళ్ళీ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నారు. ఈసారి స్కూటర్ కూడా తీస్తున్నారు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మా ఇద్దరిదీ కలిపినా పాత జీతంలో సగానికి కాస్త ఎక్కువ. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. మా అమ్మాయికి రేపు ఏ ఉద్యోగం వస్తుందో నాకు తెలియదు. కానీ అన్నాల దగ్గర కాకతీయుల కోటల గురించి అది చెబుతుంటే వాళ్ళ నాన్న చెయ్యి ఎండిపోతున్నా లేవరు.

ఈ జనవరిలోనూ డైరీ వచ్చింది. మొదటి నెల ఎడమ పేజీలో మూడు లైన్లు పడ్డాయి. 'ఆయన షాపులు', 'నా ట్యూషన్', 'అత్తయ్య పంపిన బియ్యం, ఒక బస్తా'. ఎన్నాళ్ళనుంచో ఆవిడ పంపుతూనే ఉన్నారు, జమలో రాయాలని నాకే తోచలేదు.

మీ ఇంట్లో కూడా ఓ పద్దుల పుస్తకం ఉండే ఉంటుంది. ఓసారి ఎడమ పేజీ తీసి చూడండి. అక్కడ ఒకే లైను ఉంటే, ఆ లైను మోస్తున్న మనిషిని ఈ పూట కాస్త నిదానంగా పలకరించండి.