ఏం పని చేస్తారమ్మా?

"మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే మీరేం చెప్తారు? నాకు తెలుసు. "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అంటారు. నేనూ అదే అనేదాన్ని. ఆ మాట ఎంత ఖరీదైనదో చెయ్యి విరిగాక గాని తెలిసిరాలేదు.

2023 ఫిబ్రవరిలో తెనాలిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి చూసుకుని కారులో విజయవాడ తిరిగొస్తున్నాం. మంగళగిరి దాటి హైవే ఎక్కాక వెనకనుంచి లారీ గుద్దింది. దేవుడి దయవల్ల మావారికీ, బాబుకీ ఏమీ కాలేదు. నాకు మాత్రం కుడి మోచెయ్యి ముక్కలైంది. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. మర్నాడు ఆస్పత్రికి వచ్చిన కానిస్టేబుల్ నా పేరు, వయసు రాసుకుని "ఏం పని చేస్తారమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మావారు "పనేం లేదండీ, ఇంట్లో వుంటుంది" అనేశారు. ఆయన్ననుకుని లాభం లేదు, నన్నడిగినా ఆ మాటే చెప్పేదాన్ని.

ఆ 'పనేం లేని' మనిషి మంచమెక్కితే ఏమైందో చూడండి. రెండుపూటలా వంటకి మనిషిని పెట్టాం, నెలకి 6,000. (ఆవిడ చారు సంగతి అడక్కండి.) మా అత్తగారికి రోజూ ఇన్సులిన్ నేనే ఇచ్చేదాన్ని, ఇప్పుడు కాంపౌండరు వచ్చి చేసి వెళ్ళేవాడు. బాబుకి లెక్కలు నేనే చెప్పేదాన్ని, ట్యూషన్‌లో వేశాం. ఆ వేసవిలో ఆవకాయ కొనుక్కుని తిన్నాం. మా ఇంట్లో ఆవకాయ కొనడం అదే మొదటిసారి! పాలలెక్క పుస్తకం చివరి పేజీల్లో ఎడమచేత్తో వంకరటింకరగా ఇవన్నీ రాస్తూ వచ్చాను. ఏదో ఆశించి రాయలేదు, పైసా పైసా రాసుకోవడం అలవాటు, అంతే.

నాలుగో నెలలో లారీ తాలూకు ఇన్సూరెన్సు కంపెనీ మనిషి వచ్చాడు. "మీకు ఆదాయమంటూ లేదు కదమ్మా, ఆస్పత్రి బిల్లు తప్ప పోయిందేముంది?" అంటూ ఓ కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. కుడిచెయ్యి లేవలేదు కాబట్టి బతికిపోయాను. లేకపోతే పెట్టేసేదాన్నే.

మా వీధిలో ఒక ప్లీడరుగారున్నారు, పెద్దావిడ. ఆవిడ ఎఫ్.ఐ.ఆర్. కాపీ, బిల్లులు తిరగేసి, "ఇంకేం లేవా?" అన్నారు. సిగ్గుపడుతూ పాలపుస్తకం ఇచ్చాను. అది చదివి, "చూడమ్మాయ్, అసలైన సాక్ష్యం ఇది. వీళ్ళందరి చేతా జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టించుకో" అన్నారు.

ఆవిడ చెప్పిన సంగతులు వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య ఆదాయం అంటే భర్త ఆదాయంలో మూడో వంతుట! ఆయన జీతం తక్కువైతే మన వంట విలువ కూడా తక్కువే. ఇప్పుడా పట్టిక చట్టంలో లేదనుకోండి. 2001 జనాభా లెక్కల్లో అయితే మనల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి లెక్కేశారు. 2010లో సుప్రీంకోర్టు ఈ విషయమెత్తి తప్పుపట్టింది. 2021 జనవరిలో మన కృష్ణా జిల్లావారే అయిన జస్టిస్ ఎన్.వి. రమణగారు మరో ప్రమాదం కేసులో ఇల్లాలి పనికి ఆదాయం కట్టి తీరాలని విడిగా తీర్పు రాశారు. 2019 సర్వే ప్రకారం ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని అందులో ఎత్తి చూపారు. ఆ 97 నిమిషాలు కూడా ఎవరింట్లోనో మరి!

అర్జీ వెయ్యాల్సింది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్లో. ప్రమాదం ఎక్కడ జరిగినా, మనం కాపురముంటున్న చోటే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ఆరునెలల గడువు పెట్టారు. దానిమీద సుప్రీంకోర్టు దాకా వాదనలు వెళ్ళాయి గాని ఆ గొడవ మనకెందుకు, ఆరునెలల్లోపే వేసెయ్యండి. ప్లీడరు ఫీజుకి భయపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా వకీలుని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు వుంటుంది. గుద్దిన బండి దొరక్కుండా పారిపోతే ప్రాణం పోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 వస్తాయి, దానికి కలెక్టరేట్ ద్వారా వేరే దరఖాస్తు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదాలకి మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేసే పథకం కూడా వచ్చింది. మా రోజున అది లేదు.

నా కేసు 2024లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అక్కడ కంపెనీ తరఫు ప్లీడరు సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం తక్కువేగా అన్నాడు. "శాతం కాదండీ, ఆ చేత్తో ఏ పని చెయ్యలేదో చూడాలి" అన్నారు మా ప్లీడరుగారు. నన్నడిగారు. నిండు కడవ ఎత్తలేను, పిండి కలపలేను, అత్తగారిని మంచం మీంచి లేపి కూర్చోబెట్టలేను అని చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. వంటమనిషి జీతంతో సహా అన్నీ ఒప్పుకున్నారు. చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగదు.

అన్నట్టు, తప్పు లారీదైంది కాబట్టి సరిపోయింది. మా కారుదే అయివుంటే? డబ్బు తగ్గుతుందని మావారు ఆ ఏడాది థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కట్టారట. అది ఎదుటివారికే గాని సొంత కారులో కూర్చున్న మనకి వర్తించదు. మీ బండి పాలసీ బీరువాలో ఏ చీరల కిందో వుంటుంది, తీసి చూడండి. లోపల కూర్చున్నవాళ్ళకి వుందో లేదో అడిగి తెలుసుకుని, గడువు తేదీని వంటింటి క్యాలెండర్లో గ్యాసు బండ తేదీ పక్కనే రాసి పెట్టుకోండి.