బల్లమీది చిన్న పెట్టె

ఇంటిలోని వస్తువులలో నిలుచునవి కొన్ని, తిరుగునవి కొన్ని. ఫోను ఇంటి యజమాని జేబులో బయలుదేరి రాత్రికి గాని తిరిగిరాదు. లాప్‌టాప్ కుమారుని సంచిలో బడి హైదరాబాదు హాస్టలు చేరును. పండుగకు గాని దాని ముఖము మరల చూడము. బల్లమీద కుదురుగా కూర్చుండి, మనము పొయ్యి ఆర్పి చేతులు తుడుచుకొని వచ్చువరకు వేచియుండునది డెస్క్‌టాప్ కంప్యూటరొక్కటే. ఇంట నుండి లెక్కలు వ్రాయు స్త్రీకిని, కుట్టుపని ఆర్డర్లు చూచుకొను స్త్రీకిని, పిల్లలచేత పాఠములు చదివించు తల్లికిని లాప్‌టాప్ కన్న నిదియే మేలని నా యభిప్రాయము. కరెంటు పోయినపుడు లాప్‌టాప్ వెలుగుచునే యుండును గదా, డెస్క్‌టాప్ ఆరిపోవును గదా యని కొంద రందురు. అది నిజమే. దానికి మందు తరువాత చెప్పెదను.

డెస్క్‌టాప్ అనగానే బల్లక్రింద మోకాళ్లకు తగులు పెద్ద డబ్బా జ్ఞప్తికి వచ్చును. ఇప్పుడట్టి డబ్బాయే కావలెనను నియమము లేదు. జానెడు చదరమును, రెండు వ్రేళ్ల మందమును గల పెట్టెలు వచ్చి చాలకాలమైనది. మన పోపులపెట్టెకన్న పెద్దవి కావు. ఆపిల్ కంపెనీవారు 2005లో మాక్ మినీ యను చిన్న పెట్టెను తెచ్చిరి. ఇంటెల్ వారు 2012లో నక్ అను పేర మరియొకదానిని తెచ్చి, 2023లో ఆ వ్యాపారము మానుకొనగా, ఆసుస్ వారు దానిని చేపట్టిరి. మనవంటివారికి మిక్కిలి యుపయోగపడునవి మాత్రము కచేరీలకొరకు చేయబడినవి: లెనోవో వారి థింక్‌సెంటర్ టైనీ, డెల్ వారి ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పి వారి ఎలైట్‌డెస్క్ మినీ. బ్యాంకులును పెద్ద కంపెనీలును వీనిని వందలకొలది కొని, కొన్ని యేండ్లు వాడి, ఒక్కసారిగా అమ్మివేయును. అవి తుడిచి, సరిచేయబడి మన పట్టణముల దుకాణములకు వచ్చును. దుకాణదారులు వీనిని రిఫర్బిష్డ్ అని పిలుతురు.

నాకీ విషయమునందు శ్రద్ధ పుట్టుటకు నా చెల్లెలు కారణము. నేను కరీంనగరమున నుందును. ఆమె ఆదిలాబాదున నున్నది. పత్తి వ్యాపారులకును, చిన్న దుకాణములకును ఇంటనుండియే లెక్కలు వ్రాసిపెట్టును. పిల్ల లిద్దరి ఫీజులును ఆ సంపాదనమీదనే నడచుచున్నవి. ఆదిలాబాదులో పత్తికాల మనగా అక్టోబరు మొదలు ఫిబ్రవరి, మార్చి వరకును ఊరంతయు బండ్లే. ఆ నాలుగైదు నెలలును ఆమెకు తల యెత్తుటకు తీరిక యుండదు. 2017లో జి.ఎస్.టి. వచ్చినది మొదలు నెలకొక గడువు కాదు, రెండు గడువులు: 11వ తేదీ యొకటి, 20వ తేదీ యొకటి. ఆ దినములలో కంప్యూటరు మొండికేసినచో వ్యాపారి ఊరకుండునా? పక్కవీధిలో మరియొక లెక్కలవాడున్నాడు.

ఆమె పాత డబ్బా 2016లో కొన్నది. 2021 నాటికి దానిని మీట నొక్కి, పాలు కాచి, కాఫీ కలిపి త్రాగి వచ్చినను తెర సిద్ధమై యుండెడిది కాదు. అక్కడి దుకాణములో చూపగా, "ఇది పాతదైపోయిందమ్మా, కొత్తది దీస్కోండి" అని నలువదియైదు వేల రూపాయల చీటీ చేతిలో పెట్టిరి. ఆమె నాకు ఫోను చేసి, "ఏం జేద్దునక్కా, పారేసుడేనట" అనెను.

సోదరీమణులారా! కుక్కరు ఆవిరి పట్టనప్పుడు మనము కుక్కరు పారవేయుదుమా? గాస్కెట్టు మార్చెదము. మిక్సీ తిరుగనప్పుడు కార్బను బ్రష్షు లరిగినవేమో చూపించెదము. కంప్యూటరు మాత్ర మొక్క ముద్దగా పోసిన విగ్రహమా? అదియు భాగములు గలదే. ఏ భాగము నడుము వంచినదో కనుగొనుట కష్టము కాదు. టాస్క్ మేనేజర్ అను కిటికీని తెరిచిన, ప్రాసెసరు ఎంత, మెమరీ ఎంత, డిస్కు ఎంత శ్రమపడుచున్నవో అంకెలలో కనబడును. చెల్లెలు చూచి చెప్పినదేమనగా, ప్రాసెసరు నూటికి పదివంతులు కూడ పనిచేయుట లేదు. డిస్కు మాత్రము నూటికి నూరు.

అది పాత పద్ధతి హార్డ్ డిస్కు. అందులో బిళ్ల నిమిషమునకు కొన్నివేల చుట్లు తిరుగుచుండ, సూదివంటిది దానిపై నటునిటు పరుగిడి అక్షరము లేరుకొనును. ఎస్.ఎస్.డి. అనుదానిలో తిరుగునదేదియు లేదు. విద్యుత్తుతోనే వ్రాత, విద్యుత్తుతోనే చదువు. మేము 240 జీబీ ఎస్.ఎస్.డి. యొకటియు, 4 జీబీ మెమరీ యొకటియు తెప్పించితిమి. రెండును కలిపి అయిదువేలు దాటలేదు. ఆ డబ్బా తరువాత నాలుగేండ్లు పనిచేసినది. అరనిమిషములో తెర వచ్చుచుండెను.

2025లో కథ మారినది. మైక్రోసాఫ్టు వారు విండోస్ 10కి రక్షణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో నిలిపివేయుదు మనిరి. ఇంటివాడుకకు మరియొక యేడు పొడిగింపు నిచ్చిరి గాని, ఇతరుల సొమ్ము లెక్కలున్న యంత్రమును అట్లు వ్రేలాడదీయుట నాకు నచ్చలేదు. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసరైనచో ఎనిమిదవ తరముదో, ఆ తరువాతిదో కావలెను, టి.పి.ఎం. 2.0 అను రక్షణచిప్పు కావలెను. చెల్లెలిది ఆరవ తరము. ప్రాసెసరు తరము గాస్కెట్టువలె మార్చునది కాదు. ఆ బోర్డు కొత్త తరమును ఒప్పుకొనదు. లినక్సు వేసికొనవచ్చును, ఉచితము, మా యింట నాకది యున్నది. కాని ఆమె లెక్కలు టాలీలో నుండును, టాలీ విండోస్‌మీద నడచునది. కావున ఈమారు కొనుటయే న్యాయమని తోచినది. పత్తి రాకముందే, ఆగస్టులో, కరీంనగరు దుకాణములు తిరిగితిమి.

ఎట్లు చూచితిమో కొంచెము విపులముగా చెప్పెదను, ఏలయన ఇచటనే సొమ్ము పోవునదియు మిగులునదియు. చిన్న పెట్టెలో ప్రాసెసరు తరము తరువాత మార్చరానిదని తలచి, ఉన్న సొమ్ములో ముఖ్యభాగము దానికే పెట్టవలెను. ఐ5 అన్న మాట విని మురియరాదు. దాని ప్రక్క నంకె చదువవలెను. ఐ5-8500టి అని యున్నచో గీత తరువాతి 8 తరమును తెలుపును. 10500 అని యున్నచో పదవ తరము. చివరి "టి" అక్షరము తక్కువ వేడి పుట్టించు రకమునకు గుర్తు. "ఐ7 అమ్మా, ఐ5 కన్న పెద్దది" అని యొకాయన నాల్గవ తరపు పెట్టెను చూపెను. నా చెల్లె లాయన ముఖము చూచి నవ్వి యూరకున్నది.

మెమరీ చోట్లు రెండున్నవా, ఒకటియేనా యని యడుగవలెను. ఈ పెట్టెలలో లాప్‌టాప్‌కు వాడు చిన్న పలకయే పట్టును. పెద్ద డబ్బాది పట్టదు. రెండు చోట్లుండి, ఒకదానిలో 8 జీబీ యున్నచో నేటికి చాలును, రేపటికి చోటు మిగిలినది. మాక్ మినీ విషయము వేరు. 2024 నాటి మాక్ మినీ అరచేయంత యుండి, సద్దు లేక, మిక్కిలి వేగముగా నుండును. కాని దాని మెమరీని తరువాత పెంచవీలులేదు. అది కొనువారు మొదటనే నిండుగ కొనవలెను. నాకు మాత్రము కుట్టువిప్పి వదులుచేసికొన వీలులేని రవికవలె తోచును. పేరు వినని కంపెనీల పెట్టెలు ఇంటెల్ ఎన్100 ప్రాసెసరుతో చౌకగా దొరకును. పాఠములకును, ఉత్తరప్రత్యుత్తరములకును అవి చాలును. కొనుముందు మూత తీసి చూపుమనుడు, చూపనన్న వద్దనుడు.

ఎస్.ఎస్.డి. పెట్టు ఎం.2 అను చోటు తప్పక యుండవలెను. ఆ బిళ్లలు చూపునకొక్కటిగా నున్నను రెండు జాతులు, సాటా యనియు ఎన్.వి.ఎం.ఇ. యనియు; ఏది పట్టునో అడిగి గాని వేరుగా కొనరాదు. కచేరీలనుండి వచ్చిన పెట్టెలలో పెక్కింటికి వైఫై యుండదు. అచట తీగలతోనే పని గనుక వారు పెట్టించుకొనలేదు. పాత తెరకు నీలిరంగు వి.జి.ఏ. తీగ యున్నచో కొత్త పెట్టెకు ఆ రంధ్రము లేకపోవచ్చును. మధ్య తగిలించు ముక్క కొనవలసి వచ్చును. అన్నిటికన్న ముఖ్యముగా, దుకాణములోనే యంత్రము నారంభించి బయోస్ లోనికి పోనిండు. పాత యజమాని వేసిన తాళపుమాట అందున్నచో ఆ పెట్టె ఇంటికి తెచ్చిన పిదప మనకు వశము కాదు. మేము చూచిన నాలుగింటిలో నొక దానికట్టి తాళ మున్నది.

చివరకు ఎనిమిదవ తరపు పెట్టె నొకదానిని, 8 జీబీతో, పదునాలుగువేలకు తీసికొంటిమి. ఇంకొక 8 జీబీ అప్పుడే వేయించుమని నేను పట్టుపట్టితిని. ఆ సంవత్సరము చివరనుండి కృత్రిమమేధ యంత్రాగారములు చిప్పులన్నిటిని తినివేయుచుండగా మెమరీ ధరలు విపరీతముగా పెరిగినవి. ఇట్టి సమయములలో, తరువాత వేసికొందము లెమ్మను పాతసూత్రము నమ్మదగినది కాదు. ధర కనుగొని ఆనాటి కానాడు తేల్చుకొనవలసినదే.

ఆ రెండవ పలకను దుకాణమువారు కాదు, చెల్లెలే తగిలించినది. నేను జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాదునకు పోయి ప్రక్కన కూర్చుంటిని. తీగ లన్నిటిని ఊడదీసి, ఇనుపవస్తువు నొకదానిని తాకి (మన వంటిమీది విద్యుత్తు చిప్పుకు హాని చేయును), వెనుకనున్న మరమేకు విప్పగా మూత జారి వచ్చినది. పలకను ఏటవాలుగా దూర్చి క్రిందికి నొక్కిన టిక్కుమను చప్పుడగును. అంతే. బోల్టు ఉంగరములవలె చెవిదుద్దుల మరలు బిగించుకొను చేతులకు ఇదేమి పని?

మూత తీసినప్పుడు కనబడిన దుమ్ము గూర్చి చెప్పక తీరదు. ఆ పెట్టె ఎక్కడి కచేరీనుండి వచ్చెనో గాని, విసనకఱ్ఱ రెక్కలకు బూజు దళసరిగా పట్టియున్నది. చిన్న పెట్టెలకు చిన్న విసనకఱ్ఱ. అది మూసికొన్నచో ప్రాసెసరు వేడెక్కి తనంత తానే మెల్లగించును, మనము పాతబడినదని తలంతుము. మన జిల్లాలకు దుమ్ములో కొదువ లేదు. ఆదిలాబాదులో పత్తినూగు, సిరిసిల్లలో మరమగ్గముల నూలుపీచు, కోరుట్ల, జగిత్యాల వైపున బీడీల పొగాకుపొడి, గోదావరిఖనిలో బొగ్గు. పైగా రామగుండము ఎండ. మూడునెలల కొకసారి మెత్తని కుంచెతో తుడిచి, ఊదునపుడు రెక్క తిరుగకుండ అగ్గిపుల్లతో నాపవలెను. మూసిన అలమారులో పెట్టరాదు. దేవుని గూటి ప్రక్కను పెట్టరాదు. అగరువత్తుల పొగ జిగటగా పట్టి దుమ్మును పిలుచుకొనును. దీనికి మా అత్తగారొప్పుకొనలేదు. దేవుడు కదలడు గనుక, కంప్యూటరునే కదల్చితిమి.

కరెంటుకు మందు చెప్పెదనంటిని. 600 వి.ఏ. చిన్న యు.పి.ఎస్. పెద్ద డబ్బాకు పది నిమిషములే వచ్చెడిది. ఈ పెట్టెకును తెరకును అరగంటకు పైగా వచ్చుచున్నది. లెక్క భద్రపరచి ముగించుటకు చాలునంత వ్యవధి. చెల్లెలు మీటరు తగిలించి కొలువగా పాతది సుమారు 50 వాట్లు, కొత్తది 15 వాట్లు. దినమునకు 8 గంటల చొప్పున నెలకు 8 యూనిట్లకు పైగా మిగులు.

పాత డబ్బా నెవరికైన నిత్తునని యామె యనగా, డిస్కు తీసి యిమ్మంటిని. అందులో వ్యాపారుల లెక్కలేకాక మన పిల్లల ఫొటోలును, ఆధారు నకళ్లును ఉన్నవి. చెరిపివేసితి మనుకొన్నవి మరల లేపవచ్చును. ఆ డిస్కును యు.ఎస్.బి. తొడుగులో నుంచి ఇప్పుడు ప్రతి శనివారము లెక్కలకు నకలు వ్రాసికొనుచున్నది.

మొన్న ఫోనులో చెప్పినది: వారి వీధిలోని ముగ్గురు స్త్రీలు తమ పాత డబ్బాలు తెచ్చి విప్పిచూడుమనిరట. "పైసలు దీస్కోవాల్నా అక్కా, ఊకెనే జేయాల్నా?" అని యడిగెను. తీసికొమ్మంటిని, 20వ తేదీ దాటినపిదపనే విప్పుమంటిని.